స్టడీ అవర్‌లో దాచి చదివిన పుస్తకాలు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని హాస్టల్ నుంచి కబురు రాగానే, "కష్టపడి చదివితే పైకొస్తారు" అని మాత్రం రాయకూడదని అనుకున్నాం. ఆ మాట మీకు పొద్దున ప్రార్థనలో ఒకసారి, సాయంత్రం స్టడీ అవర్‌లో ఒకసారి, అంబేడ్కర్ జయంతి నాడు మైకులో నాలుగుసార్లు ఎలాగూ వినపడుతుంది. అందుకని తమ్ముళ్లూ, ఈసారి మేము మీకు కథల పుస్తకాల గురించి చెబుతాం. పాఠ్యపుస్తకాలు కావు, గైడ్లు కావు, పోటీ పరీక్షల మెటీరియల్ అసలే కాదు. మేము హాస్టల్లో ఉండగానూ, ఆ తర్వాత కాలేజీల్లోనూ ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చదివినవి. కొన్నిచోట్ల కళ్లు తడిసి, పక్కవాడికి కనపడకుండా దుప్పటి కప్పుకుని చదివినవి.

మేము అంటే ఎవరో చెప్పాలి కదా. 2010లో మూడో తరగతిలో చేరి, 2018లో పదో తరగతి పరీక్షలు రాసి బయటికి వెళ్లిన నాలుగో గది వాళ్లం. ఈ కాగితం మీద పెన్ను పెట్టింది ఒక్కరే. కానీ పుస్తకాలు చదివింది కలిసే కాబట్టి "మేము" అనే రాస్తున్నాం. మాలో కొందరం పీజీ దాకా వచ్చాం, కొందరు డిగ్రీ అయ్యాక నోటిఫికేషన్ల కోసం చూస్తున్నారు, కొందరు మధ్యలోనే పనుల్లోకి పోయారు. మా ఇళ్లలో మాకంటే ముందు డిగ్రీ పట్టా చూసినవాళ్లు లేరు. పట్టా తీసుకుని ఇంటికెళ్తే, దాన్ని ఎటునుంచి పట్టుకోవాలో తెలియక అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని అలాగే నిలబడింది.

పుస్తకం హస్తభూషణం అంటారు. మా హైస్కూలు గోడ మీద చిరిగిన చొక్కా, మంచి పుస్తకం మాట కూడా పెద్దక్షరాలతో రాసి ఉండేది. చొక్కాలు ఎలాగూ చిరిగినవే, ఇక పుస్తకం కొనడమే తరువాయి అని నవ్వుకునేవాళ్లం. కొనే డబ్బులు మా దగ్గర లేవు. మాకు పుస్తకాలిచ్చింది మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయం, ఆ తర్వాత హైస్కూల్ తెలుగు మాస్టారి చేతిసంచీ.

ఆ సంచీలోంచి వచ్చిన మొదటి పుస్తకం 'రైలుబడి'. జపాన్ రచయిత్రి తెత్సుకో కురోయనాగి రాసింది. జపాన్‌లో 1981లో వచ్చింది, తెలుగులో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్లు వేశారు. ఇది నిజానికి ఆమె చిన్నప్పటి కథే గానీ నవలలాగే సాగుతుంది. తొత్తోచాన్ అనే పిల్లను ఒకటో తరగతిలోనే బడి నుంచి పంపించేస్తారు. చేసిన నేరం ఏమిటయ్యా అంటే, డెస్కు మూత పదే పదే తెరిచి మూయడం, కిటికీ దగ్గర నిలబడి వీధిలో పోయే బాజా వాళ్లను పిలవడం. వాళ్లమ్మ ఇంకో బడికి తీసుకెళ్తుంది. అక్కడ తరగతి గదులన్నీ పాత రైలు పెట్టెలు. హెడ్‌మాస్టరు కొబయాషి గారు తల్లిని పంపేసి, ఆ పిల్లను కూర్చోబెట్టుకుని, నీకు చెప్పాలనిపించిందంతా చెప్పమంటాడు. ఆ పిల్ల చెబుతూనే ఉంటుంది, ఆయన వింటూనే ఉంటాడు. నాలుగు గంటలు!

మేము అక్కడే ఆగిపోయాం. మేము హాస్టల్లో చేరిన రోజున మమ్మల్ని అడిగినవి కులం సర్టిఫికెట్టు, రేషన్ కార్డు, రెండు ఫోటోలు. ఎవరి తప్పూ అని కాదు, వందమంది పిల్లలకు ఒక్క వార్డెన్ సారు ఉంటే ఎవరు మాత్రం ఎంతసేపు వింటారు? కానీ ఒక పిల్ల మాటలు ఒక పెద్దమనిషి నాలుగు గంటలు వినడం అనేది ప్రపంచంలో ఎక్కడో ఒకచోట జరిగిందని తెలియడమే మాకు వింత. ఆ రాత్రి లైట్లు తీసేశాక మేము ఆ ఆట ఆడాం. ఒకడు కొబయాషి, మిగతావాళ్లు వరసగా తమ సంగతులు చెప్పాలి. ఒక్కొక్కరం అయిదు నిమిషాలకు మించి చెప్పలేకపోయాం. ఎవరైనా వింటారనుకుంటే కదా మాటలు పోగయ్యేది!

ఆ బడిలో తకహాషి అని ఎదుగుదల ఆగిపోయిన పొట్టి కుర్రాడుంటాడు. ఆటల పోటీలు అతను గెలిచేలా ఏర్పాటు చేస్తాడు హెడ్‌మాస్టరు. బహుమతులు కప్పులూ షీల్డులూ కావు, ముల్లంగి, పాలకూర లాంటి కూరగాయలు. మీరు సంపాదించిన కూరతో ఇవాళ మీ ఇంట్లో అన్నం తింటారని చెబుతాడు. ఇది చదివి మా గదిలో పెద్ద వాదన. కప్పులే మేలని సగంమంది, కూరగాయలే మేలని సగంమంది. ఇళ్లలో కూలి డబ్బులతో కూర కొనుక్కునే రోజులు ఎరిగినవాళ్లం కాబట్టి చివరికి కూరగాయలే గెలిచాయి.

పుస్తకం ఒక్కటే, మేము పన్నెండు మందిమి. చేతులు మారీ మారీ కుట్టు ఊడి మూడు ముక్కలైంది. ఎవరికి ఏ ముక్క దొరికితే వాళ్లు అది ముందు చదివేవాళ్లు. మాలో ఒకడికి మొదటి ముక్క దొరికింది. అందులో పోలియో వచ్చిన యసుఆకి అనే పిల్లవాడిని తొత్తోచాన్ తన చెట్టెక్కడానికి పిలుస్తుంది. ఆ ముక్క సరిగ్గా అక్కడే తెగింది. రెండో ముక్క వాడి చేతికి వచ్చేలోపు సంక్రాంతి సెలవులొచ్చాయి. సెలవుల తర్వాత వాడు తిరిగి రాలేదు. వాళ్ల నాన్నకు చెయ్యి విరిగింది, మిరపకాయల కోతలకు ఇంట్లో మనిషి తక్కువయ్యాడు. మార్చి దాకా కోతలు, ఆ తర్వాత తాపీ పనిలో చేరాడని విన్నాం. మాస్టారు ఇంటికి వెళ్లి రెండుసార్లు అడిగి వచ్చారు. లాభం లేకపోయింది.

ఏడేళ్ల తర్వాత నరసరావుపేట బస్టాండులో కనపడ్డాడు. చేతులకు సిమెంటు, భుజాన సంచీ. టీ తాగుతూ బాగోగులన్నీ అయ్యాక అడిగాడు: "ఏరా, ఆ పోలియో పిల్లోడు చెట్టెక్కాడా?" వాడి బస్సు కదిలేలోపు మిగతా కథంతా చెప్పాం. తొత్తోచాన్ నిచ్చెన తెచ్చి, కిందనుంచి తోసి, పైనుంచి లాగి ఎలా ఎక్కించిందో చెప్పాం. ఆ పిల్లవాడు తర్వాత చనిపోయాడనీ, 1945లో బాంబుల మంటల్లో ఆ బడి కాలిపోయిందనీ మాత్రం చెప్పలేదు. వాడు అడిగింది చెట్టు గురించే కదా.

చిన్న తరగతుల తమ్ముళ్లకు రెండో పుస్తకంగా 'బుడుగు' చెప్పాలి. ముళ్లపూడి వెంకటరమణ గారిది, బాపు బొమ్మలతో. ఆ భాష చదివితే కడుపుబ్బ నవ్వాల్సిందే. అయితే ఒక మాట. బుడుగు ఇల్లు వేరు, మన ఇళ్లు వేరు. వాళ్లింట్లో బామ్మ ఉంటుంది, ప్రైవేటు చెప్పడానికి ఇంటికి మాస్టార్లు వస్తారు. మేము నవ్వుతూనే, ఈ పిల్లోడు పొద్దున్నే పనికి పోడేంటి అని కూడా అనుకున్నాం. మన ఇళ్ల వాసన కావాలంటే మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' చదవండి. 1999లో వచ్చింది. కావలిలో ఒక ముస్లిం పిల్లవాడి బాల్యం. పండగలు, అప్పులు, కూర వండిన రోజు సంబరం, అమ్మ కోపం, అన్నీ నెల్లూరు యాసలో పరుగెడతాయి. మన ఇంట్లో మాట్లాడే మాటలు అచ్చులో ఉండొచ్చని మాకు తెలిసింది ఈ పుస్తకంతోనే. అంతకుముందు అచ్చులో ఉండే తెలుగు వేరే వాళ్లదని అనుకునేవాళ్లం.

తొమ్మిది, పది తరగతుల వాళ్లకు 'హకల్‌బెరీ ఫిన్'. మార్క్ ట్వైన్ రాసిన ఈ నవలను నండూరి రామమోహనరావు గారు తెలుగు చేశారు. నది మీద తెప్ప, దొంగలు, దాగుడుమూతలు అన్నీ ఉంటాయి కాబట్టి ఆపకుండా చదువుతారు. మేము చెప్పదలుచుకున్నది మాత్రం హక్ వాళ్ల నాన్న సంగతి. తాగుబోతు. కొడుకు బడికి పోయి చదవడం నేర్చుకున్నాడని తెలిసి మండిపడతాడు. మన ఇంట్లో ఎవరికీ రాని చదువు నీకెందుకు, నాకంటే గొప్పోడివయ్యావా అని కొడతాడు. ఇది చదివి మాలో ఇద్దరు ముగ్గురు ఏమీ మాట్లాడలేదు. మన నాన్నలు అలా అనరు, అప్పు చేసైనా చదివిస్తారు. కానీ కొందరిళ్లలో, బాగా తాగిన రాత్రుల్లో, ఆ మాట వినపడుతుంది. వినపడినవాడు అది తన ఒక్కడి ఇంట్లోనే అనుకుంటాడు. అమెరికాలో నూట నలభై ఏళ్ల కిందటి పుస్తకంలో కూడా ఉందని తెలిస్తే వాడికి కొంచెం ఊపిరి ఆడుతుంది.

అదే దేశం నుంచి ఇంకొకటి, ఇది ఇంటర్ వాళ్లకు. అలెక్స్ హేలీ 'ఏడుతరాలు'. 1976లో 'రూట్స్' పేరుతో వచ్చింది, తెలుగులో సహవాసి గారు రాశారు. ఆఫ్రికాలో గాంబియా దేశపు జుఫూరే ఊరి కుర్రాడు కుంటా కింటే. మృదంగం చేసుకోవడానికి కర్ర కోసం అడవికి వెళ్లి, బానిసల్ని పట్టే వాళ్లకు దొరికిపోతాడు. పేరు మార్చుకోమంటే మార్చుకోనంటాడు. పారిపోతుంటే పాదం నరికేస్తారు. అతని కూతురు కిజీకి రహస్యంగా చదవడం రాయడం వస్తుంది. ఒక కుర్రాడు పారిపోవడానికి దొంగ అనుమతి చీటీ రాసిస్తుంది. అది బయటపడి, ఆమెను తల్లిదండ్రుల దగ్గర నుంచి లాగి అమ్మేస్తారు. రెండు ముక్కలు రాసినందుకు! ఆ రోజు మేము మా నోటు పుస్తకాల వైపు కాస్త కొత్తగా చూశాం. ఇందులోని వంశ చరిత్ర అంతా రుజువు కాలేదని తర్వాత పరిశోధకులు అన్నారు. కాబట్టి నవలగానే చదవండి, నవలగా అది చాలు.

ఇంతకీ ప్రేరణ కలిగించే పుస్తకాలంటే 'విజయానికి ఐదు మెట్లు' లాంటివి చెబుతారనుకున్నారేమో. మన హాస్టల్లో అవి బాగానే తిరిగాయి, మేమూ చదివాం, వద్దనం. కాకపోతే మొదటి మెట్టు దాకా చేరడానికి మనవాళ్లు ఎన్ని మైళ్లు నడవాలో అలాంటి పుస్తకాలకు తెలియదు. అది తెలిసిన రచయిత ఒకాయన ఉన్నారు, డాక్టర్ కేశవరెడ్డి. ఆయన 'అతడు అడవిని జయించాడు' చిన్న నవల. పందులు కాసుకునే ఒక ముసలాయన, చీకటి పడినా తిరిగిరాని తల్లిపందిని వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. కథంతా ఒక్క రాత్రి. తెల్లారేసరికి ఆయన చేతిలో ఏం మిగిలిందో మేము చెప్పం. చదివాక మా గదిలో మూడు రోజులు తగువు: జయించాడా, లేదా? ఇప్పటికీ తేలలేదు.

ఇక మేము మీతో తప్పకుండా చదివించాలనుకునే పుస్తకం 'తొలి ఉపాధ్యాయుడు'. కిర్గిజ్ రచయిత చింగీజ్ ఐత్మాతోవ్ 1962లో రాసింది. చాలా చిన్నది, రెండు స్టడీ అవర్లలో అయిపోతుంది. 1924లో కొండల కింద ఒక పల్లెటూరు. దుయిషేన్ అనే యువకుడు పాత సైనికుడి కోటు వేసుకుని వచ్చి, ఇక్కడ బడి పెడతానంటాడు. ఊరివాళ్లు నవ్వుతారు. కొండ మీద పాడుబడ్డ గుర్రాలశాలను ఒక్కడే బాగుచేసి, గడ్డి పరిచి, అదే బడి అంటాడు. ఆయనకే చదువు అంతంతమాత్రం, కూడబలుక్కుని చదువుతాడు. వాచకం లేదు, సిలబస్ అంటే ఏమిటో తెలియదు. చలికాలంలో వాగు దాటాలంటే నీళ్లు మంచులా ఉంటాయి. పిల్లల్ని ఒక్కొక్కరిని వీపు మీద ఎక్కించుకుని, చెప్పులు లేని కాళ్లతో దాటిస్తాడు. గుర్రాల మీద పోయే మోతుబరులు చూసి ఎగతాళి చేస్తారు.

అక్కడ ఆల్తినాయ్ అనే అమ్మానాన్న లేని పిల్ల. చిన్నమ్మ ఆమెను ఒకడికి రెండో పెళ్లానికింద కట్టబెడుతుంది. అడ్డం వచ్చిన మాస్టారి చెయ్యి విరగ్గొట్టి పిల్లను ఎత్తుకుపోతారు. ఆయన కట్టుకట్టిన చెయ్యితోనే పోలీసులను వెంటబెట్టుకుని వెళ్లి విడిపించి తెస్తాడు. తెచ్చి, పట్నంలో చదువుకోమని రైలెక్కిస్తాడు. ఆమె పెద్ద పండితురాలవుతుంది.

ఇంతవరకూ అయితే ఇది మన వార్షికోత్సవాల్లో చెప్పే కథే. కానీ ఐత్మాతోవ్ అసలు కథ మొదలుపెట్టింది చివరి నుంచి. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ ఊళ్లో కొత్త బడి ప్రారంభోత్సవం. ఆల్తినాయ్ ముఖ్య అతిథి. విందు జరుగుతూ ఉంటుంది. అప్పుడే ఒక ముసలి పోస్టుమాన్ గుర్రం మీద వచ్చి అభినందన టెలిగ్రాములు ఇస్తాడు. ఆయనే దుయిషేన్. లోపలికి పిలవమంటారు, అప్పటికే ఇంకా పంచాల్సిన ఉత్తరాలున్నాయని వెళ్లిపోయి ఉంటాడు. లోపలున్నవాళ్లు, తనకే రాని చదువు మాకు చెప్పాడని ఆయన్ని తలుచుకుని నవ్వుకుంటారు. ఆల్తినాయ్ ముఖం ఎర్రబడుతుంది. ఆ రోజే ఊరు వదిలి వెళ్లిపోయి, తర్వాత ఉత్తరం రాస్తుంది. కథంతా ఆ ఉత్తరమే. కొత్త హాస్టల్ బడికి దుయిషేన్ పేరు పెట్టాలని అందులో అడుగుతుంది.

ఇది చదివాక మేము ఎక్కడ ఏ సభకు వెళ్లినా గేటు వైపు చూడటం అలవాటైంది. మన హాస్టల్ వార్షికోత్సవాల్లోనూ చూడండి. వేదిక మీద ఎవరుంటారో మీకు తెలుసు. తెల్లవారుజామున లేచి వందమందికి ఉప్మా కలిపిన వంటమనిషి, జ్వరం వచ్చిన రాత్రి భుజాన వేసుకుని ఆసుపత్రికి మోసిన వాచ్‌మన్ తాత, మా అక్షరాలు దిద్దించిన ఒకటో తరగతి పంతులు, వీళ్లంతా ఆ సమయానికి ఎక్కడుంటారు? వంటింటి వెనక ఆకులు లెక్కపెడుతూ ఉంటారు. ఈసారి వేదిక ఎదురుగా మొదటి వరసలో మూడు కుర్చీలు వాళ్ల కోసం ఉంచాలని మేము పూర్వ విద్యార్థుల తరఫున వార్డెన్ గారిని అడిగాం. సరేనన్నారు. ఆ కుర్చీల్లో ముందే మీరు కూర్చోకండి.

చివరిది గోర్కీ 'అమ్మ'. క్రొవ్విడి లింగరాజు గారి అనువాదం. దీన్ని మేము హాస్టల్లో చదవలేదు. 2020 మార్చిలో ఇంటర్ పరీక్షలు అయిపోయిన వెంటనే లాక్‌డౌన్ వచ్చి, అందరం ఇళ్లకు చేరాం. పనులు లేవు. ఫోన్‌లో డేటా వేయించుకునే డబ్బులు లేవు. సాయంత్రం వాకిట్లో కూర్చుని ఈ పుస్తకం పైకి చదువుతుంటే అమ్మ వినేది. అమ్మకు సంతకం రాదు, వేలిముద్రే. మొదట్లో ఆ పేర్లు నోరు తిరగక విసుక్కుంది. పావెల్‌ను "ఆ పిల్లోడు" అనీ, తల్లి నీలోవ్నాను "ఆయమ్మ" అనీ పెట్టుకుంది. భర్త చేతిలో తన్నులు తిని బతికిన ఆయమ్మ, నలభై ఏళ్ల వయసులో కొడుకు స్నేహితుడి దగ్గర అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెడుతుంది. సిగ్గుపడుతుంది, కన్నీళ్లు పెట్టుకుంటుంది. ఆ ఘట్టం దగ్గర అమ్మ, "మళ్లీ చదువు" అంది. మళ్లీ చదివాం. "ఎంత వయసన్నావు?" అంది. చెప్పాం. వేళ్ల మీద ఏదో లెక్కేసుకుని లేచి పొయ్యి దగ్గరకు వెళ్లిపోయింది.

ఆఖరి అధ్యాయంలో రైల్వేస్టేషన్‌లో ఆయమ్మ పెట్టె నిండా కొడుకు మాటలు అచ్చేసిన కాగితాలతో దొరికిపోతుంది. పోలీసులు కొడుతున్నా జనం మీదికి ఆ కాగితాలు విసురుతూనే ఉంటుంది. పుస్తకం అక్కడ అయిపోయింది. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒక్కటే అడిగింది: "ఆ కాగితాలు ఎవరైనా తీసుకున్నారా?" తీసుకుని దాచుకున్నారని చెప్పాం. "చదవడం వచ్చినోళ్లేనా తీసుకుంది?" అంది. దానికి పుస్తకంలో జవాబు లేదు.

తమ్ముళ్లూ, ఈ పుస్తకాల్లో మాకు దొరికినవి కొని, ఆకుపచ్చ ట్రంకుపెట్టెలో పెట్టి స్టడీ హాల్లో ఉంచాం. తాళం వద్దన్నాం. పెట్టె మూత లోపల కాగితం అంటించి ఉంది, తీసుకున్నవాడు పేరు రాసి, తిరిగి పెట్టినప్పుడు కొట్టేయాలి. స్టడీ అవర్‌లో పట్టుబడితే మా పేరు చెప్పొచ్చు. 'ఏడుతరాలు' లావుగా ఉంటుంది, దాన్ని తలకింద పెట్టుకుని పడుకోవద్దు, కుట్టు ఊడుతుంది. పాత విద్యార్థులెవరైనా వచ్చేటప్పుడు పూలదండ బదులు ఒక పుస్తకం తెస్తే పెట్టెలో చోటు ఇంకా ఉంది. 'రైలుబడి' రెండు ప్రతులు కొన్నాం. పెట్టెలో మీకు కనపడేది ఒకటే. రెండోది నరసరావుపేటలో తాపీ పని చేసే మావాడికి ఇచ్చేశాం.